క్యాన్సర్ మందులు వాడే పిల్లలకు షుగర్ పరీక్ష ఎందుకు?

"బిడ్డకు వచ్చింది రక్త క్యాన్సర్ కదా, షుగర్ పరీక్ష ఎందుకండీ?" అని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. అడగవలసిన ప్రశ్నే.

పిల్లల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఎ.ఎల్.ఎల్. అనే రక్త క్యాన్సర్. దీని చికిత్సలో మొదటి నాలుగైదు వారాలు ప్రెడ్నిసొలోన్ లేదా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు, ఆస్పరాజినేజ్ ఇంజక్షన్లు ఇస్తారు. స్టెరాయిడ్ మన శరీరంలోని ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వదు. ఆస్పరాజినేజ్ ఇన్సులిన్ తయారీని తగ్గిస్తుంది. రెండూ కలిసినప్పుడు రక్తంలో చక్కెర పెరగవచ్చు. పదేళ్లు దాటిన పిల్లల్లో, బరువు ఎక్కువగా ఉన్నవారిలో, ఇంట్లో షుగర్ జబ్బు ఉన్నవారిలో ఈ అవకాశం ఎక్కువ.

ఆ వారాల్లో బిడ్డకు తెల్ల కణాలు తక్కువగా ఉంటాయి. దానికి షుగర్ తోడైతే ఇన్ఫెక్షన్ల భయం పెరుగుతుంది.

ఎప్పుడు చేయించాలి?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల పిల్లలు చికిత్సకు వేలూరు, తిరుపతి, బెంగళూరు వెళ్తారు. రెండు ఇంజక్షన్ల మధ్య ఇంటికి వచ్చిన రోజుల్లోనూ షుగర్ పెరగవచ్చు. ఈ పరీక్షకు మళ్లీ అంత దూరం వెళ్లనక్కరలేదు. వేలికొన నుండి ఒక చుక్క రక్తం చాలు, దగ్గరి ఆసుపత్రిలోనే చేస్తారు. ఎన్ని రోజులకొకసారి అన్నది మీ క్యాన్సర్ డాక్టరుగారిని అడిగి చీటీలో రాయించుకోండి.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. స్టెరాయిడ్ వల్ల పెరిగే చక్కెర ఎక్కువగా మధ్యాహ్నం, సాయంత్రం కనబడుతుంది. పరగడుపున బాగుందని ఊరుకోకూడదు, భోజనం తర్వాత కూడా చూడాలి. ఎప్పుడు చూసినా 200 మి.గ్రా. లేదా అంతకు మించి ఉంటే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఇంట్లో గమనించవలసినవి

- మాటిమాటికీ దాహం, ఎక్కువసార్లు మూత్రం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం
- వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత, జ్వరం

రెండో వరుసలోనివి ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి.

చేయకూడనివి

షుగర్ వచ్చిందని మాత్రలు మీకై మీరు ఆపకండి. క్యాన్సర్‌ను తగ్గించేవి అవే. బిడ్డను పస్తు పెట్టకండి. అన్నం, సంగటి, పప్పు, గుడ్డు, కూరలు కొంచెం కొంచెంగా పెట్టండి. కూల్‌డ్రింకులు, గ్లూకోజు పొడి, తీపి బిస్కెట్లు మానిపించండి. చూడటానికి, ప్రార్థన చేయడానికి వచ్చే బంధువులకూ ఈ మాట ముందే చెప్పండి.

ఇన్సులిన్ మొదలుపెడితే జీవితాంతం వాడాలేమోనని కొందరు భయపడతారు. ఎక్కువ మంది పిల్లల్లో ఆ మందుల విడత ముగిశాక షుగర్ మామూలు స్థాయికి వస్తుంది, ఇన్సులిన్ కూడా ఆపేస్తారు. అందాకా పరీక్ష మానకండి. ఫలితాలన్నీ ఒకే పుస్తకంలో రాసి, ప్రతిసారీ వెంట తీసుకువెళ్లండి.