తండా బిడ్డ కాలికి బంతి చిక్కితే...

"ఆడివిల్లకు బంతాటేంది?"

ఈ మాట వినబడని ఇల్లు నేను మెట్టిన నల్లగొండలో గానీ, పుట్టిన పాలమూరులో గానీ ఉందంటే నమ్మడం కష్టం. మగపిల్లాడు సాయంత్రం గ్రౌండుకు పోతే "పోనీయ్, ఎదిగే వయసు" అంటాం. అదే ఈడు ఆడపిల్ల గడప దాటితే "ఏడికి? ఎవరితోటి? ఎప్పుడొస్తవ్?" అని మూడు ప్రశ్నలు వరసగా వచ్చిపడతాయి. పైగా ఆట అంటే మనకు క్రికెట్టే. ఫుట్‌బాల్ అంటే ఎక్కడో ఇంగ్లండులోనో, బ్రెజిల్‌లోనో, మన దేశంలోనైతే కలకత్తాలోనో, కేరళలోనో ఆడుకునేదని మన లెక్క.

అలాంటి ఆటలో 2025లో దేశం మొత్తం మీద ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది ఎవరో తెలుసా? మన తెలంగాణ తండా బిడ్డ! పేరు గుగులోతు సౌమ్య. 2024-25 సంవత్సరానికి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య మహిళల్లో ‘ప్లేయర్ ఆఫ్ ద ఇయర్’ అవార్డు ఆమెకే ఇచ్చింది. క్రికెట్ ఆటగాళ్ల పెళ్లి ముచ్చట్లు కూడా కంఠతా చెప్పే మన పిల్లల్లో ఈ పేరు ఎంతమందికి తెలుసు? అడిగి చూడండి.

తండాలో ఆడపిల్ల పుడితే

సౌమ్య గురించి చెప్పేముందు మన జిల్లాల సంగతి ఒకటి గుర్తుచేయాలి. దేవరకొండ వైపు తండాల పేరు 1990ల చివర పేపర్లకు ఎందుకెక్కిందో పెద్దవాళ్లకు తెలుసు. దత్తత పేరుతో పసికందులను కొని అమ్మే వ్యవహారం 1999లో బయటపడింది. ఆ పిల్లల్లో ఎక్కువమంది లంబాడా ఇళ్లల్లో పుట్టిన ఆడపిల్లలే. ఆ తల్లులకు ప్రేమ లేక కాదు. నీళ్లు లేని చెలక, వలస బతుకు, కట్నం భయం... ఈ మూడూ కలిసి వాళ్ల ఒడి ఖాళీ చేయించాయి.

ఆ తర్వాత రెండేళ్లకు, 2001లో, నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండాలో ఒక రైతు ఇంట్లో సౌమ్య పుట్టింది. జిల్లా వేరైనా ఆ తండా బతుకు మనకు తెలియనిదేం కాదు. ఆ పిల్ల మొదట పరుగు పందేల్లో పరుగెత్తింది. తర్వాత నిజామాబాద్‌లో కోచ్ నాగరాజు దగ్గర ఫుట్‌బాల్ నేర్చుకుంది. జూనియర్ జట్లలో దేశానికి ఆడింది. ఆపైన సీనియర్ జట్టులోకి వచ్చింది. రాయడానికి నాలుగు వాక్యాలే. కానీ ఆ వాక్యాల మధ్య ఎన్ని పొద్దుటి ప్రాక్టీసులు, ఎన్ని బస్సు ప్రయాణాలు, ఇంట్లో ఎన్ని చర్చలు ఉంటాయో ఆడపిల్లల తల్లులమైన మనకు ఒకరు చెప్పాలా?

ఇల్లు నడిపినట్టే...

సౌమ్య మధ్య వరసలో, అంటే మిడ్‌ఫీల్డ్‌లో ఆడుతుంది. మైదానం అంచువెంట దూసుకుపోయే వింగర్‌గానూ ఆడుతుంది. ఈ మిడ్‌ఫీల్డ్ అంటే ఏమిటని మావారిని అడిగితే అరగంట చెప్పారు గానీ నాకు ఒక్క ముక్కలో అర్థమైంది. అది ఇల్లు నడపడం లాంటిది! వెనక గోలు కాపాడే వాళ్ల దగ్గర బంతి అందుకోవాలి, ముందున్న వాళ్లకు అందివ్వాలి. ఎవరు ఎక్కడున్నారో తల తిప్పకుండానే తెలియాలి. ఎదుటి జట్టు మీదికొస్తే వెనక్కి ఉరకాలి. తొంభై నిమిషాల ఆటలో ఇలాంటి వాళ్లు పది కిలోమీటర్ల దాకా తిరుగుతారట. గోలు కొట్టినవాళ్ల ఫొటో పేపర్లో పడుతుంది. బంతి అందించినవాళ్ల పేరు ఎవరూ అడగరు. ఇది మనకు కొత్తా?

అయితే సౌమ్య అందించడంతోనే ఆగలేదు. 2022లో క్రొయేషియా దేశంలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బు ఆమెను, మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్‌ను తీసుకుంది. ఇరవై ఒక్క ఏళ్ల తండా పిల్ల, భాష తెలియని దేశం, ఎముకలు కొరికే చలి, జొన్నరొట్టె దొరకని ఊరు! మన దగ్గర ఆ వయసు పిల్లను హైదరాబాద్ హాస్టల్లో వేయడానికే ఇంటిల్లిపాదీ వారం రోజులు కూర్చుని మాట్లాడుకుంటారు.

తిరిగొచ్చాక ఆమె కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు ఆడింది. 1920లో పుట్టిన క్లబ్బు అది. అక్కడ ఫుట్‌బాల్ అంటే దసరా పండుగంత. ఆ క్లబ్బు ఆడపిల్లల జట్టు 2025 ఏప్రిల్‌లో మొదటిసారి ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. కప్పు ఖాయం చేసిన ఆటలో ఒడిశా జట్టు మీద పడింది ఒక్కటే గోలు. అది కొట్టింది మన సౌమ్యే.

ముక్కుకు దెబ్బ తగిలినా...

2022 జనవరిలో ఆసియా కప్ మన దేశంలోనే మొదలైంది. కానీ జట్టులో చాలామందికి కరోనా సోకడంతో మైదానంలో దిగడానికి చాలినంత మంది లేక మన అమ్మాయిలు పోటీ నుంచే తప్పుకోవాల్సి వచ్చింది. సొంత ఇంట్లో పెళ్లి పెట్టుకుని పీటల మీద నుంచి లేచిపోయినట్టయింది.

ఆ తర్వాత అవకాశం 2025 జూన్, జూలై నెలల్లో థాయిలాండులోని చియాంగ్ మాయ్‌లో వచ్చింది. 2026 ఆసియా కప్‌కు అర్హత పోటీలవి. మంగోలియా మీద 13-0, తిమోర్ లెస్తె మీద 4-0, ఇరాక్ మీద 5-0. మంగోలియా మీద సౌమ్య రెండు గోల్స్ కొట్టింది. ఇరాక్ ఆటలో ఆమె ముక్కుకు గట్టి దెబ్బ తగిలింది. థాయిలాండుతో చివరి ఆటకు ఆమె లేదు. థాయిలాండు అంటే మాటలా? రెండుసార్లు ప్రపంచ కప్ ఆడిన జట్టు, పైగా వాళ్ల గడ్డ. జూలై 5న బెంగాల్ అమ్మాయి సంగీతా బాస్ఫోర్ రెండు గోల్స్ కొడితే 2-1తో మనం గెలిచాం. అర్హత పోటీలు ఆడి ఆసియా కప్‌కు చేరడం మన మహిళల జట్టుకు అదే మొదటిసారి.

ఆడవాళ్లకు ఈ ఆట కొత్త కాదు

మన హైదరాబాదుకు ఫుట్‌బాల్‌లో ఒకప్పుడు పెద్ద పేరు. సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదీయే. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లోనూ, 1962లోనూ ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. అదంతా మగవాళ్ల చరిత్ర. ఆడవాళ్లది ఎవరూ చెప్పరు గానీ మన మహిళల జట్టు 1983 నాటికే రెండుసార్లు ఆసియాలో రెండో స్థానంలో నిలిచింది. మనలో కొందరు అప్పటికి పుట్టనైనా లేదు!

ఆడవాళ్లను ఆపడం కూడా మన ఊళ్లల్లో పుట్టిన బుద్ధి కాదు. ఫుట్‌బాల్‌కు పుట్టిల్లని చెప్పుకునే ఇంగ్లండులో 1920 డిసెంబరులో ఆడవాళ్ల ఆట చూడటానికి లివర్‌పూల్ స్టేడియానికి యాభై మూడు వేల మంది వచ్చారు. మరుసటి ఏడాది, 1921లో, ఈ ఆట ఆడవాళ్లకు తగదని చెప్పి అక్కడి ఫుట్‌బాల్ సంఘం తన మైదానాల్లో వాళ్లను ఆడనివ్వడం మానేసింది. ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్లు నడిచింది. ఆ దేశపు ఆడపిల్లలే 2022లో ఒకసారి, 2025లో మరోసారి యూరప్ కప్ గెలిచి తెచ్చారు. తగదన్నది ఎవరికో, తగినది ఎవరో ఇప్పుడు చెప్పండి!

పన్నెండేళ్ల దగ్గర ఆగిపోయే పరుగు

మా తమ్ముని బిడ్డ ఏడో తరగతి. మహబూబ్‌నగర్ దగ్గర పల్లెలో ఉంటారు. బడిలో పరుగు పందెం పెడితే మగపిల్లలను కూడా వెనకేస్తుంది. పీఈటీ సారు ఇంటికొచ్చి "పిల్లను క్రీడల హాస్టల్‌కు పంపండి" అన్నాడట. మొన్న నేను పోయినప్పుడు మరదలు మెల్లగా మొదలుపెట్టింది.

"ఏం జేద్దుం వదినె? రేపోమాపో పెద్దమనిషైతది. నెక్కరేసుకొని ఉరుకుతుంటే నలుగురు ఏమంటరు?"

"నలుగురు మన ఇంటికి బియ్యం తెస్తున్నరా?" అన్నాను నేను.

"తేరు గానీ సంబంధం అడగొచ్చేది వాళ్లేగద!" అంది మరదలు.

ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఎందుకంటే మరదలు అన్నది అబద్ధం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. పన్నెండు నుంచి పద్దెనిమిది దాకా ఉన్న ఆ ఆరేళ్లే ఆటకు ప్రాణం. కాలికి బలం, బంతి మీద పట్టు వచ్చేది అప్పుడే. సరిగ్గా ఆ ఆరేళ్లే మనం పిల్లను ఇంట్లో దాచిపెట్టుకునేది. నాకు తెలిసి మన దగ్గర సౌమ్యలు పుట్టకపోవడం కాదు, పన్నెండో ఏట ఆగిపోతున్నారు. అంతే తేడా.

అలాగని ఆటలో రాశులు పోసి ఉన్నాయని నేను చెప్పను. లీగ్ ఆడే క్లబ్బులు కనీసం పదిమంది భారత క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షలకు తగ్గకుండా ఇవ్వాలని 2023లో సమాఖ్య ప్రకటించింది. అంటే నెలకు ఇరవై ఆరు వేల పైచిలుకు. అదీ పైమెట్టుకు చేరిన వాళ్లకే. మోకాలికి దెబ్బ తగిలితే ఏడాది పోవచ్చు. ఈ సంగతులు దాచి పిల్లను పంపమనడం నా పద్ధతి కాదు. కానీ స్పోర్ట్స్ కోటా కింద రైల్వేల్లో, పోలీసు శాఖలో ఉద్యోగాలుంటాయి. అన్నిటికీ మించి, పదిమందిలో ధైర్యంగా నిలబడి "బంతి నాకియ్యి" అని అరవడం నేర్చుకున్న పిల్ల రేపు అత్తింట్లో నోరు లేకుండా ఉండదు. ఆ లాభానికి జీతం లెక్క లేదు.

మనం చేయగలిగింది

అందరి పిల్లలూ సౌమ్యలు కావాలని కాదు. ముందు బడికి పోయి పీఈటీ సారునో, టీచరమ్మనో కలిసి ఆటల పీరియడ్‌లో ఆడపిల్లలు మైదానంలో ఉంటున్నారా, క్లాసులో కూర్చుని నోట్సు రాస్తున్నారా అని అడగండి. హకీంపేట క్రీడా పాఠశాల నాలుగో తరగతిలోనే పిల్లలను చేర్చుకుంటుంది, కాబట్టి ఆలస్యం చేయకండి. నిజామాబాద్ జిల్లా నుంచే ఇంకో లంబాడా బిడ్డ మాలావత్ పూర్ణ, గురుకులంలో చదువుకుంటూ 2014లో పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కిన సంగతి ఇంట్లో చెప్పండి. నెలసరి రోజుల్లో ఆట మానిపించకుండా మంచి గుడ్డ, కడుపునిండా తిండి, రోజూ ఒక గుడ్డు చూసుకోండి. బూట్లు కొనేటప్పుడు కొడుక్కి ఒక జత కొంటే బిడ్డకూ ఒక జత కొనండి.

మా మరదలికి నేను ఫోన్లో సౌమ్య ఆట చూపించాను. "లంబాడోళ్ల పిల్లనా ఇంత ఉరుకుతుంది!" అని నోరు తెరిచింది. పంపుతుందో లేదో ఇంకా తేల్చలేదు. తమ్ముడు మాత్రం హాస్టల్ దరఖాస్తు ఎక్కడ దొరుకుతుందో కనుక్కోమన్నాడు.

దేవరకొండ తండాల్లోనూ, పాలమూరు వలస కూలీల గుడిసెల్లోనూ ఈ సాయంత్రం ఏదో ఒక ఆడపిల్ల పగిలిన ప్లాస్టిక్ బంతిని గోడకేసి తన్నుతూనే ఉంటుంది. ఆ పిల్లను "లోపలికి రా" అని పిలిచేముందు ఒక్క పది నిమిషాలు వాకిట్లో నిలబడి ఆ ఆట చూడండి.