ఇంటి పరిశ్రమకు ఇంటిలోనే కచేరీ

మొగల్తూరు ప్రాంతపు రైతు కుటుంబములకు వరి, కొబ్బరి, చేపల చెరువులే గాక చేతిపని వలన వచ్చు ఆదాయము కూడ కలదు. నర్సాపురము చుట్టుపట్ల పల్లెలలో స్త్రీలు తరతరములుగా లేసు అల్లుచున్నారు. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ పని క్రమముగా విదేశములకు ఎగుమతి అగు సరుకైనది. 2024లో నర్సాపురము లేసుకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది.

ఏజెంటు ఇచ్చిన దారమును కూలికి అల్లుట ఒక పద్ధతి. స్వంత దారముతో సరుకు తయారుచేసి స్వంతముగా అమ్ముకొనుట రెండవ పద్ధతి. మీ ఇంటివారు ఈ రెండవ పద్ధతికి దిగదలచినచో, మొదట ఇంటిలో ఒక చిన్న కచేరీ ఏర్పాటు చేసికొనవలెను. కచేరీ అనగానే కుర్చీలు, బీరువాలు, బంట్రోతు ఉండనక్కరలేదు. 1984లో ఆ ఉద్యోగములు రద్దగు వరకు గ్రామ కరణములు చాలచోట్ల తమ ఇంటి నుండియే ఊరందరి భూముల లెక్కలు నడిపిరి. మీ ఇంటి లెక్క అంతకన్న పెద్దది కాదు.

స్థలము

వసారాలో గాని, ముందు గదిలో గాని వెలుతురు, గాలి వచ్చు ఒక మూలను ఎన్నుకొనుడు. నాలుగడుగుల వెడల్పు చాలును. వంటింటి పొగ, నూనె మరకలు తగులు చోటు పనికిరాదు. తెల్లని లేసుపై పడిన మరక ధరను తగ్గించును. ఆ మూలను ఇతర పనులకు వాడకుండుట ముఖ్యము. పిల్లల పుస్తకములు, ఎరువుల రశీదులు, పెండ్లి శుభలేఖలు అన్నియు ఒకే బల్లపై చేరినచో, కావలసిన కాగితము కావలసిన నాడు దొరకదు.

మనది సముద్రతీరము. ఉప్పుగాలికి ఇనుము త్రుప్పు పట్టును, తేమకు కాగితము బూజు పట్టును. కావున దారమును, తయారైన సరుకును శుభ్రమైన గుడ్డలో చుట్టి, మూత గల ప్లాస్టిక్ డబ్బాలో ఉంచవలెను. ఇనుప పెట్టెలో లేసును నేరుగా పెట్టరాదు. 1996 నవంబరు తుఫాను గోదావరి తీరమున కలిగించిన నష్టమును పెద్దలు ఎరుగుదురు. అందుచేత ముఖ్యమైన కాగితములను నీరు చొరని సంచిలో వేసి అటకపై ఉంచుడు. ప్రతి కాగితమునకు సెల్‌ఫోనులో ఫోటో తీసి, ఆ ఫోటోలను దూరపు ఊరిలోని నమ్మకమైన బంధువుకు కూడ పంపియుంచుడు.

సామాను

ఒక బల్ల, ఒక దీపము, గ్రాములు తూచు చిన్న కాటా, కొలత టేపు, మూడు నోటు పుస్తకములు, రశీదు పుస్తకము, కాగితములు దాచు రెండు ఫైళ్ళు, సెల్‌ఫోను. ఇవి చాలును. కంప్యూటరును వ్యాపారము పెరిగిన తరువాత కొనవచ్చును. అప్పుచేసి సామాను కొనుట తగదు.

మూడు పుస్తకములు

మొదటిది రోకడ పుస్తకము. వచ్చిన డబ్బు, పోయిన డబ్బు ఏనాటిది ఆనాడే వ్రాయవలెను.

రెండవది దారము పుస్తకము. ఇరుగుపొరుగు వారిచేత కూడ అల్లించునప్పుడు, ఇచ్చిన దారము ఎంత, తిరిగివచ్చిన సరుకు ఎంత అన్నది తూచి వ్రాయుడు. 500 గ్రాములు ఇచ్చితిరనుకొనుడు. లేసు 480 గ్రాములు, మిగిలిన దారము 15 గ్రాములు, తునకలు 5 గ్రాములు వచ్చినచో లెక్క సరిపోయినది. తూకము అల్లినవారి ఎదుటనే వేసి, వారి పుస్తకములో కూడ వ్రాసి సంతకము చేయుడు. దీనివలన తగవులు రావు, స్నేహము చెడదు.

మూడవది పనిగంటల పుస్తకము. చాలమంది వ్రాయనిది ఇదియే. అన్నిటికన్న ముఖ్యమైనదియు ఇదియే.

ఒక లెక్క చూడుడు. ఇందలి అంకెలు పద్ధతి తెలుపుటకే గాని బజారు ధరలు కావు. ఒక బల్లగుడ్డకు దారము 200 రూపాయలు, ఉతుకుటకు, కట్టి పంపుటకు 50 రూపాయలు అయినది. 900 రూపాయలకు అమ్మితిరి. 650 రూపాయలు లాభమని సంతోషింతురు. కాని ఆ గుడ్డ అల్లుటకు ఇంటి ఇల్లాలికి 40 గంటలు పట్టినది. అనగా గంటకు 16 రూపాయల 25 పైసలు మాత్రమే వచ్చినది. అది లాభము కాదు, ఆమె కష్టమునకు వచ్చిన కూలి. ఆ కూలి కూడ చాల తక్కువ.

మరియా మీస్ అను జర్మను పరిశోధకురాలు నర్సాపురపు లేసు పనివారిని గూర్చి 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. స్త్రీలు ఇంటిలో చేయు ఈ పనిని తీరిక వేళ కాలక్షేపముగా ఎంచుటచేతనే వారికి ముట్టు కూలి అంత తక్కువగా ఉన్నదని ఆమె చూపినది. వ్రాయని గంటలను ఎవరును లెక్కింపరు. చేను దున్నిన కూలిని ఖర్చులో వ్రాయు రైతు, ఇంటిలో అల్లిన కూలిని వ్రాయకుండుట న్యాయము కాదు. దారము, కూలి, ఇతర ఖర్చులు కలిపిన తరువాతనే ధర నిర్ణయింపుడు. ఆ ధర ఏ నమూనాకు రాదో ఆ నమూనాను మానుడు.

డబ్బు

పరిశ్రమకు బ్యాంకులో వేరుగా ఖాతా తెరువుడు. అల్లునది ఇల్లాలు అయినచో ఖాతా ఆమె పేరనే ఉండుట మంచిది. ఫోను ద్వారా వచ్చు చెల్లింపులు ఆ ఖాతాకే చేరవలెను. పురుగుమందులకు, చెరువు మేతకు ఆ డబ్బు తీసినచో అప్పుగా వ్రాసి, పంట చేతికి వచ్చిన తరువాత తిరిగి జమకట్టవలెను.

నమోదు

2020 జూలై 1 నుండి చిన్న పరిశ్రమలకు ఉద్యం నమోదు అమలులోనున్నది. ప్రభుత్వ వెబ్‌సైటులో ఆధార్ సంఖ్యతో నమోదు చేసికొనవచ్చును. ఇందుకు ప్రభుత్వము రుసుము తీసికొనదు. భౌగోళిక గుర్తింపు ముద్రను సరుకుపై వేయుటకు మాత్రము అధీకృత వినియోగదారుగా వేరే నమోదు కావలెను. లేసు బదులు పచ్చళ్ళు, కొబ్బరి మిఠాయిలు అమ్ముదురేని, 2006 నాటి ఆహార భద్రతా చట్టము ప్రకారము నమోదు తప్పనిసరి. ఈ పత్రముల నకళ్ళు ఒక ఫైలులో, కొనుగోలు రశీదులు రెండవ ఫైలులో ఉంచుడు.

ప్రతిదినము దీపాలు పెట్టిన తరువాత పావుగంట కచేరీ మూలలో కూర్చుండి ఆనాటి పద్దులు వ్రాయుడు. నెలాఖరున మూడు పుస్తకములను ఇంటిల్లిపాది ఎదుట చదువుడు. ఎవరు ఎన్ని గంటలు పనిచేసినది, ఎంత వచ్చినది అందరికిని తెలియవలెను. ఈ విధముగా ఆరు నెలలు లెక్క నడిపినచో, ఈ పనిని పెంచవలెనా, మానవలెనా అన్నది మీ పుస్తకములే చెప్పును.