రంగు గొప్పా? వరస గొప్పా?

1957లో వచ్చిన 'మాయాబజార్'లో శకునిగా సి.ఎస్.ఆర్. పాచికలు చేతిలోకి తీసుకోగానే, గెలిచేదెవరో నేల టిక్కెట్టు ప్రేక్షకుడికి కూడా ముందే తెలుసు. మరి జేమ్స్ బాండ్ పేకాట ఆడితే?

డేనియల్ క్రెగ్ మొట్టమొదటిసారి బాండ్ వేషం కట్టిన 'కాసినో రాయల్' 2006లో విడుదలైంది. ఇయాన్ ఫ్లెమింగ్ 1953లో రాసిన నవలలో బాండు ఆడేది బక్కరా అనే ఆట. సినిమావాళ్ళు దాన్ని పోకర్ చేసేశారు. ఆఖరి పందెంలో నలుగురు మిగులుతారు. ఒకాయన ఇస్పేటు రంగు పరుస్తాడు. రెండో ఆయన ఫుల్ హౌస్ చూపిస్తాడు. విలన్ లె షిఫ్ర్ అంతకంటే పెద్ద ఫుల్ హౌస్ చూపించి నవ్వుతాడు. అప్పుడు బాండు నింపాదిగా ఇస్పేటు ఐదూ, ఏడూ కింద పెడతాడు. నాలుగు నుంచి ఎనిమిది దాకా అన్నీ ఇస్పేట్లే, అదీ వరసగా! ఆట తెలిసినవాడు ఈల వేస్తాడు. తెలియనివాడు పక్కవాణ్ణి గోకి "ఎవురు గెలిచినారన్నా?" అంటాడు.

ఆ రెండోరకం వాళ్ళ కోసమే మేం తిరుపతిలో ఒక చిన్న అట్ట అచ్చు వేయించాం. అరచేతిలో ఇమిడే ఆ అట్ట వెనక ఎంత రామాయణం నడిచిందో చెబుతాను, వినండి.

మా జట్టులో తొమ్మిదిమందిమి. ఆదివారం మధ్యాహ్నాలు లీలామహల్ సర్కిల్‌కి కాస్త అవతల, ఒక మిత్రుడి ఫోటో స్టూడియో మేడమీద చేరతాం. పందెం చింతగింజలు. తలా వంద గింజలతో మొదలు, ఆట అయ్యాక అన్నీ మళ్ళీ డబ్బాలోకే. ఓ వారం, ట్రావెల్స్ కారు నడిపే తమ్ముడి చేతిలో ఐదు నుంచి తొమ్మిది దాకా కలగలుపు ముక్కల వరస పడింది. డిగ్రీ చదివే కుర్రాడి దగ్గర ఐదూ ఆటీన్లే, కానీ వరస లేదు. గింజలు ఎవరివి?

"సీక్వెన్సు ముందర కలర్ యాడ నిలబడతాదన్నా?" అని కారు తమ్ముడు గింజలన్నీ ఊడ్చుకోబోయాడు. పోకర్‌లో కలరే పెద్దదని కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టాడు. మాటా మాటా పెరిగి, ఇద్దరూ మూడు వారాలు మాట్లాడుకోలేదు. నవ్వకండి, చింతగింజల మీదే!

తమాషా ఏమిటంటే ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. మన వీధుల్లో అందరికీ వచ్చిన మూడు ముక్కలాటలో వరస పెద్దది, రంగు చిన్నది. పోకర్‌లో తిరగబడుతుంది. ఎందుకంటే లెక్క అట్లా ఉంది. 52 ముక్కల్లోంచి మూడేసి తీస్తే 22,100 రకాల చేతులు వస్తాయి. వాటిలో ఉత్త రంగు 1,096, ఉత్త వరస 720. అరుదైనది వరస కాబట్టి అది పెద్దది. అదే ఐదేసి ముక్కలు తీస్తే మొత్తం 25,98,960 చేతులు. అందులో వరసలు 10,200 ఉంటే రంగులు 5,108 మాత్రమే. ఇక్కడ అరుదైనది రంగు! నాలుగు ఒకే అంకెవి పడేది 624 సార్లు, ఫుల్ హౌస్ 3,744. పది నుంచి ఆసు దాకా ఒకే రంగులో వచ్చే రాయల్ ఫ్లష్ నాలుగంటే నాలుగే. అన్నట్టు, మూడు ముక్కలాట కూడా ఈ న్యాయానికి పూర్తిగా కట్టుబడలేదు. మూడూ ఒకే అంకె పడే చేతులు 52, రంగు కలిసిన వరసలు 48. అయినా మనవాళ్ళు మూడు ఆసులకే పట్టం కడతారు. మూడు ఆసులు చూస్తే ఎవరికి ఒళ్ళు పులకరించదు!

ఇదంతా ఆట మధ్యలో ఎవరికి గుర్తుంటుంది? అమెరికాలో ఇళ్ళలో పోకర్ ఆడే సరదారాయుళ్ళు చేతుల వరస ఉన్న చిన్న అట్టలు పక్కన పెట్టుకుంటారు. నచ్చిన తీరులో కావాలంటే పదిమందీ డబ్బు పోగేసి ఒకేసారి అచ్చు వేయించుకుంటారు. అట్లాంటిది తెలుగులో ఉంటే? ఎక్కడా దొరకలేదు. సరే, మనమే వేయిద్దామన్నాను. ఆ మాట అన్న పాపానికి పెద్దరికం నా నెత్తిన పడింది.

ప్రెస్సుకి వెళితే అసలు సంగతి తెలిసింది. నాలుగు రంగుల ఆఫ్‌సెట్ అచ్చుకి నాలుగు ప్లేట్లు చెయ్యాలి. తొమ్మిది అట్టలు వేసినా, తొమ్మిది వందలు వేసినా ప్లేట్ల ఖర్చు ఒకటే. శివకాశిలో విచారిస్తే వెయ్యికి తక్కువ వద్దన్నారు. తిరుపతి ప్రెస్సాయన 300 అయితే అట్టకి 14 రూపాయలు చొప్పున ఒప్పుకున్నాడు. అంటే 4,200 రూపాయలు. తొమ్మిదిమందికి 300 అట్టలెందుకు? అందుకని చిత్తూరు, పుత్తూరు, మదనపల్లె మిత్రులకీ, చెన్నైలో ఉద్యోగాలు చేసే మనవాళ్ళకీ కబురు పెట్టాం. ఒకటి కాదు, నాలుగేసి, పదేసి అడిగారు. 320 దాకా మాట వచ్చింది.

మాట వేరు, దుడ్లు వేరు సుమా! చీటీలు కట్టిన ఊరివాళ్ళకి ఈ సంగతి చెప్పాలా? అందుకే మూడు షరతులు పెట్టాను. సగం డబ్బు ముందే పంపాలి. ప్రతి రూపాయీ నోట్‌బుక్కులో ఎక్కుతుంది, ఎవరైనా చూడొచ్చు. ప్లేట్లు చేసేదాకా ఎవరైనా తప్పుకుంటే వాళ్ళ డబ్బు వాళ్ళకి వాపసు, ఆ తర్వాత లేదు.

ఇక అట్ట ఎంత ఉండాలి? పోకర్ ముక్క రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర ఎత్తు. అదే కొలత పెట్టుకుంటే పేక కట్ట పెట్టెలోనే ఇమిడిపోతుంది. అక్కడ పేచీ రాలేదు. వచ్చిందల్లా వెనకవైపు బొమ్మ దగ్గర. మన సంగతి తెలుసు కదా, మొదటి ఓటు హీరోకి! మరి ఏ హీరో? ఒక్క సాయంత్రంలో జట్టు నాలుగు అభిమాన సంఘాలుగా చీలింది. నేను ఒకటే చెప్పాను. అనుమతి లేకుండా తన పేరూ బొమ్మా వాడుకోకుండా అమితాబ్ బచ్చన్ 2022లో ఢిల్లీ హైకోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకున్నారు. మన నాగార్జున కూడా 2025లో అదే కోర్టుకి వెళ్ళారు. అభిమానం గుండెల్లో ఉంచుకోండి, అట్టమీద వద్దు. అప్పుడెవరో శ్రీవారి నామం వేద్దామన్నారు. పేకాట అట్టమీదా? వయసులో పెద్దవాడైన స్టూడియో మిత్రుడు చెవులు మూసుకున్నాడు. నిజానికి పాతకాలపు దశావతార గంజిఫాలో దేవుళ్ళే రంగులు. పదీ అవతారాలు, ఒక్కోదానికి పన్నెండు చొప్పున 120 గుండ్రటి ముక్కలు. మన రాయలసీమలోనే నొస్సంలో వాటిని చేత్తో రాసే చిత్రకారులుండేవారు. అయినా ఆ వాదన పెంచకుండా, శ్రీకాళహస్తి కలంకారీ తీరులో ఓ లత గీయించి పని కానిచ్చాం.

పేర్ల దగ్గర కొంచెం సరదా నడిచింది. స్ట్రెయిట్ 'వరస', ఫ్లష్ 'రంగు', రెండూ కలిస్తే 'రంగు వరస'. ఫుల్ హౌస్‌కి 'నిండిల్లు' అన్నవాడికి ఆ రోజు టీ ఇవ్వలేదు. దాన్ని 'మూడూ రెండూ' అని రాశాం.

అసలు చిక్కు చిత్తూరు నుంచి వచ్చింది. అక్కడి మిత్రుడొకడు పాతిక అట్టలకి డబ్బు పంపి, ఒక్క షరతు పెట్టాడు. అడుగున 'డబ్బు పెట్టి ఆడరాదు' అని అచ్చు వెయ్యాలి. ఆయన తండ్రి మామిడితోట మూడు ముక్కలాటలోనే పోయింది. ఆ మాట ఆయన ఎప్పుడూ పెద్దగా చెప్పుకోడు, ఆ రోజు కూడా ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నాడు.

ఆ వాక్యం ఉంటే మాకొద్దన్నారు 60 అట్టలు అడిగిన ఒక జట్టువాళ్ళు. వాళ్ళ ఆటలో చింతగింజలు ఉండవు మరి. రమ్మీకి సుప్రీం కోర్టు ఒప్పుకుంది కదా అని నాతో వాదించారు. రమ్మీలో నైపుణ్యం పాలు ఎక్కువని 1967 నవంబరులో సుప్రీం కోర్టు చెప్పిన మాట వాస్తవమే, అదీ మన రాష్ట్రం కేసులోనే. కానీ ఆంధ్రప్రదేశ్ 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ రమ్మీనీ, పోకర్‌నీ నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా ఆపే చట్టం చేసింది. మా అట్టకి చట్టంతో పేచీ లేదు. పేచీ ఆ మామిడితోటతో. వాక్యం ఉంచాలా, 60 అట్టలు ఉంచుకోవాలా?

తొమ్మిదిమందీ మేడమీద కూచున్నాం. వాక్యం తీసేస్తే 300 దాటిపోతుంది, ఎవరికీ పైసా నష్టం లేదు. ఉంచితే 260 దగ్గర ఆగుతాం, 40 అట్టల ఖర్చు మా మీద పడుతుంది. 560 రూపాయలు. అందరికంటే ముందు కారు తమ్ముడు లేచి "తలా అరవై మూడు ఎయ్యండన్నా, పోనీ" అని ఫోన్ తీశాడు. వాక్యం ఉండిపోయింది. ఆ 60 వాళ్ళకి అడ్వాన్సు అదే రాత్రి వాపసు చేశాను.

తర్వాత ప్రూఫ్ వచ్చింది. చూద్దును కదా, వరస పైన, రంగు కింద! మేం ఇచ్చిన కాగితంలో సరిగ్గానే ఉంది. కంపోజ్ చేసిన కుర్రాణ్ణి అడిగితే గర్వంగా చెప్పాడు. "మీరు రాసింది తప్పు పడిండాది సార్, నేనే సరిచేసి పెట్టినా!" పాపం, మూడు ముక్కలాట మనిషి. 10,200కీ 5,108కీ తేడా వాడికి చెప్పి ఒప్పించేసరికి రెండు టీలయ్యాయి. కారు తమ్ముడు పక్కనే నిలబడి, "ఔనుబ్బా, ఈడ కలరే పెద్దది" అని వాడికి వంత పాడకుండా నాకు పాడాడు. అదే నాకు పెద్ద బహుమానం. డిగ్రీ కుర్రాడు ఏమీ అనలేదు, బండి తాళం తీసి "ఎక్కన్నా, ఇంటి కాడ దింపుతా" అన్నాడు అతనితో.

అట్టలు వారానికి చేతికొచ్చాయి. చిత్తూరు కట్ట ఆర్టీసీ కార్గోలో వెళ్ళింది. మిగిలిన 40లో 26 అడిగినవాళ్ళకి అమ్ముడుపోయాయి, ఆ డబ్బు తొమ్మిదిమందికీ సర్దాను. 14 ఇంకా స్టూడియో సొరుగులో ఉన్నాయి. తలా 63 వేసుకోగా ఎక్కువ వచ్చిన ఏడు రూపాయలు నా దగ్గరే ఉన్నాయి. నోట్‌బుక్కులో రాసి పెట్టాను.