ఫంక్షన్ చేశాం సరే, పిల్లకు విషయం చెప్పామా?



పెన్‌పహాడ్ మండలంలో ఏ ఊరిలోనైనా ఆడపిల్ల పెద్దమనిషి అయితే ఎవరూ దాచుకోరు. టెంటు వేస్తారు, చుట్టాలను పిలుస్తారు, ఫోటోలు తీయిస్తారు. మగపిల్లవానికి పంచెకట్టు కూడా వేడుకగానే చేస్తారు. కానీ ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని, "నీ ఒంట్లో జరిగేది ఇది బిడ్డా" అని చెప్పే తల్లులు ఎంతమంది? ఊరందరికీ తెలిసిన విషయం ఒక్కోసారి ఆ పిల్లకే అర్థం కాదు.

"చెబితే చెడిపోతారేమో" అనే భయం చాలామందికి ఉంది. అనేక దేశాల అధ్యయనాలను పరిశీలించిన యునెస్కో, ఈ విషయాలు సరిగా నేర్పినందువల్ల పిల్లలు తొందరపడరని 2018లో తెలిపింది. మనం చెప్పకపోతే సెల్‌ఫోను చెబుతుంది, తోటివారు చెబుతారు. అందులో ఏది నిజమో పిల్లలకు తెలియదు.

ఎప్పుడు చెప్పాలి?

మొదటి నెలసరి రాకముందే, అంటే తొమ్మిది పదేళ్ల వయసులోనే మొదలుపెట్టాలి. రక్తం చూసి పిల్ల భయపడ్డాక చెప్పడం ఆలస్యమే.

ఏమి చెప్పాలి?

ఆడపిల్లలకు: నెలసరి జబ్బు కాదు, మైల కాదు. మొదటి ఒకటి రెండేళ్లు తేదీలు అటూ ఇటూ కావచ్చు. పదిహేనేళ్లు నిండినా రజస్వల కాకపోయినా, ఏడు రోజులకు మించి రక్తస్రావమైనా డాక్టరుకు చూపించాలి. గుడ్డ వాడేవారు సబ్బుతో ఉతికి, చాటున కాక ఎండలో ఆరేయాలి.

మగపిల్లలకు: నిద్రలో వీర్యం పడటం సహజం. దానివల్ల బలం తగ్గదు. "నరాల బలహీనత" అని భయపెట్టి మందులు అమ్మేవారిని నమ్మవద్దని తండ్రిగానీ మేనమామగానీ చెప్పాలి.

ఇద్దరికీ: రక్షణ లేని కలయిక ఒక్కసారైనా గర్భం రావచ్చు, హెచ్‌ఐవి, సుఖవ్యాధులు సోకవచ్చు. 2012 పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారు ఇష్టపడ్డారన్నా అది నేరమే. 2006 చట్టం ప్రకారం పెళ్లికి అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్లు నిండాలి.

ఎలా చెప్పాలి?

ఎదురుగా కూర్చోబెట్టి ఉపన్యాసం ఇవ్వవద్దు. బియ్యం ఏరుతూనో, బండి మీద వెళుతూనో రెండు మాటలు చెప్పండి. మళ్లీ ఇంకోసారి చెప్పండి. జవాబు తెలియకపోతే "నాకూ తెలియదు, డాక్టరమ్మను అడుగుదాం" అనండి. అందులో చిన్నతనం లేదు.

ఎవరైనా తనను తప్పుగా ముట్టుకున్నారని బిడ్డ చెబితే, "అక్కడికి ఎందుకు పోయినవ్?" అని అడగవద్దు. ఆ ఒక్క మాటతో బిడ్డ నోరు మూతపడుతుంది. ముందు నమ్మండి. "చెప్పి మంచి పని చేసినవ్, తప్పు నీది కాదు" అనండి. దగ్గరి చుట్టమైనా సరే, పరువు కోసం దాచవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. పోలీసులకు చెప్పండి, లేదా పిల్లల సహాయానికి 1098కు ఫోన్ చేయండి.

ఈ రోజు నెలసరి గురించి మనల్ని అడగగలిగిన పిల్ల, రేపు పెద్ద కష్టం వచ్చినా మన దగ్గరికే వస్తుంది. మీకు నోరు రాకపోతే మా దగ్గరికి తీసుకురండి, లేదా మీ ఊరి ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను అడగండి. మేము పిల్లలతో విడిగా, ఓపికగా మాట్లాడతాం. అయినా మొదటి మాట ఇంట్లో మీరే చెప్పాలని మా కోరిక.