మన కొండలమీద పండ్లకాలములు

గడచిన ఆశ్వయుజమాసమున ఒకదినము మేము ఎనిమిదవ తరగతిలో ప్రకృతిశాస్త్రపాఠము చెప్పుచు, "మామిడి యెప్పుడు పూయును?" అని ప్రశ్నించితిమి. తరగతిలో ముగ్గురు మాత్రమే చేతులెత్తిరి. "పోనిండు, సీతాఫలము ఎప్పుడు వచ్చును?" అని యడుగగా ఒక బాలుడు, "అంగడిలో పెట్టినప్పుడు వచ్చునండీ" అనెను. తరగతియంతయు నవ్వినది గాని మాకు నవ్వు రాలేదు. జూబిలీహిల్సులోని చల్లని అంగళ్లయందు 12 మాసములును ఆపిలుపండ్లును, ద్రాక్షలును, టమాటాలును అద్దములవెనుక మెఱయుచుండగా, బాలునికి ఆ యుత్తరము తోచుటలో వింత యేమున్నది? అంతట వెనుకబల్లమీదినుండి వేఱొక బాలుడు లేచెను. వాని తల్లి ఫిల్మునగరు బస్తీలో గంపతో పండ్లమ్మి జీవించుచున్నది. ఏ పండు ఏ నెలలో దిగునో, కోసినపిమ్మట ఎన్నినాళ్లు నిలుచునో, వాడు తడుముకొనక చెప్పెను. వాడు చెప్పినదానికి కారణములను జోడించి యిక్కడ వ్రాయుచున్నాము.

జూబిలీహిల్సు, ఫిల్మునగరు అను పేళ్లు వినగానే చదువరులకు చలనచిత్రశాలలును మేడలును తలంపునకు వచ్చును. ఆ మేడలకు పూర్వము ఈ ప్రదేశమంతయు గుండ్లు, ముండ్లపొదలు, సీతాఫలపు చెట్లుగల మెట్ట. ఆ పూర్వరూపమును చూడగోరువారు, 1998వ సంవత్సరమున జాతీయోద్యానముగా ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి వనమునకు పోవలెను. సుమారు 156 హెక్టార్ల యా వనమున బండలనడుమ నేటికిని సీతాఫలపు చెట్లు ఎవరును నీరుపోయకయే పెరుగుచున్నవి. అది జాతీయోద్యానము గనుక అందలి కాయలను మనము కోయరాదు. అవి పక్షులకును ఉడుతలకును చెందినవి. ఈ మాట మన బాలురలో కొందఱికి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది.

సీతాఫలము మన దేశమునకు అమెరికాఖండపు ఉష్ణప్రదేశములనుండి వచ్చినదని వృక్షశాస్త్రజ్ఞుల మతము. వచ్చినచెట్టు మన రాతినేలకు పుట్టినచెట్టువలెనే అలవడినది. ఎండకాలమున అది ఆకులను రాల్చి నిద్రించును. వేసవి చివర నాలుగు చినుకులు పడగానే లేతచిగుళ్లతోపాటు పూలును వెలువడును. మూడు మందమైన రేకులుగల ఆకుపచ్చని యా పూవును చాలమంది పూవని గుర్తింపనే గుర్తింపరు. ప్రతి పూవును మొదట స్త్రీపుష్పముగా విచ్చి, పిమ్మట పురుషపుష్పముగా మాఱును. కావున దాని పుప్పొడి దానికే యుపయోగించుట యరుదు. ఒక పూవునుండి మఱియొక పూవునకు పుప్పొడిని మోయునవి మిక్కిలి చిన్నవియగు పెంకుపురుగులు. గాలి పొడిగా వేడిగా నున్నచో పూవు వాడి రాలిపోవును. తేమయున్నప్పుడే పిందె నిలుచును. అట్లు తొలకరిలో నిలిచిన పిందె సుమారు నాలుగుమాసములలో పక్వమగును గనుక, సెప్టెంబరునుండి నవంబరువఱకు దానికి కాలము. స్టూడియోలవారు గొట్టములతో ఏ దినముననైనను వాన కురిపింపగలరు. ఆ వానకు సీతాఫలము కాయదు.

సీతాఫలముమీది ఒక్కొక్క కన్ను ఒక్కొక్క చిన్నకాయ. అవియన్నియు కలిసి యొక ఫలమైనది. పుప్పొడి సరిగా తగులనివైపున కన్నులు పెరుగవు. అందుచేతనే కొన్ని కాయలు వంకరగా నుండును. వంకరకాయ రుచికి తక్కువకాదు, ధరకు మాత్రమే తక్కువ. కన్నులనడుమ గాడులు వెడల్పై మీగడరంగు దేఱినచో కాయ కోతకు వచ్చినదని యర్థము. అట్టికాయ మూడునాలుగు దినములలో మెత్తబడును. గాడులు పచ్చగానుండగా కోసినకాయ పండదు, నల్లబడి గట్టిపడును. గింజలనుగూర్చి తల్లులకొక మాట: పేలకై ఆ గింజలపొడిని పిల్లల తలలకు రాయు నలవాటు కలదు. అది కంటబడినచో కనుగ్రుడ్డునకు తీవ్రమైన గాయమగును; కావున దానిని మానవలెను.

ఆపిలును నెలలతరబడి దాచగలిగిన కోల్డుస్టోరేజి సీతాఫలముముందు ఓడిపోయినది. కాయను గట్టిచలిలో నుంచినచో తొక్క నల్లబడి, లోపలిగుజ్జు పండుటయే మానివేయును. గుజ్జునుతీసి గడ్డకట్టించి ఐసుక్రీమువారు దాచుకొందురు గాని, కాయను కాయగా దాచుట కష్టము. మహబూబునగరమువైపునుండి వచ్చు కాయలను—అక్కడి బాలానగరు పేరనే యొక ప్రసిద్ధమైన రకము కలదు—ఆ బాలుని తల్లి తెల్లవాఱకమునుపే కొనితెచ్చి, గట్టివి, దోరవి, పండినవి అని మూడు తట్టలుగా ఏర్పఱచును. ఎండ హెచ్చినదినమున మూడుతట్టలును ఒక్కమాఱే పండును. అప్పుడు కొడుకునుకూడ రెండవగంపతో మఱియొక వీథికి పంపనిది పెట్టుబడి తిరిగిరాదు. ఆ మాసమున వాడు నాలుగుదినములు బడికి రాలేదు. మేము కారణమడుగకయే హాజరుపట్టీలో గుర్తుపెట్టి, అందఱియెదుట మందలించియుంటిమి. అడిగియుండవలసినది.

మామిడి నడక వేఱు. దానికి పూయుటకు వానగాక చలి కావలెను. డిసెంబరు, జనవరి మాసముల చల్లనిరాత్రులలో పూత వచ్చును. పూతనుండి కోతకు మూడున్నర నాలుగుమాసములు పట్టును. వ్రేళ్లమీద లెక్కించుడు: బంగినపల్లి మన యూరిలో నిండుగా దొరకునది ఏప్రిలు చివరనుండి మేమాసమంతయు. (ఈ రకమునకు 2017వ సంవత్సరమున భౌగోళికగుర్తింపు లభించినది.) ఉత్తరదేశమున చలి ఆలస్యముగా వదలును గనుక, అచ్చటి దసేరీ, లంగ్డాపండ్లు మన పండ్లు ముగియునప్పుడు వచ్చును. ఇట్లుండగా మార్చి మొదట మన తోపుడుబండ్లమీద పసుపుముద్దవలె మెఱయు బంగినపల్లి ఎక్కడిది? ముదరకమునుపే కోసి, బలవంతముగా రంగు తెప్పించినది. కాల్షియం కార్బైడు తేమతగిలినప్పుడు వెలువఱచు ఎసిటిలీను వాయువు కాయకు రంగునిచ్చును, తీపినీయదు. అందులో ఆర్సెనిక్కు, భాస్వరముల విషపుజాడలుకూడ నుండును. ఆహారభద్రతానిబంధనలు దానిని నిషేధించినవి. ముదిరిన కాయను ఎథిలీను వాయువుతో, గాలిలో పదిలక్షలపాళ్లకు 100 పాళ్లు మించకుండ, మాగబెట్టుటకు అనుమతి కలదు. ఎథిలీను పండు తనంతట తానును పుట్టించుకొను వాయువే. పండును కోసిచూచినచో గుట్టు తెలియును: పైతొక్క అంతయు పసుపు, టెంకచుట్టు తెలుపు, పులుపు. ఏప్రిలు చివరవఱకు ఓపికపట్టిన తండ్రికి సగముధరకు మంచిపండు దొరకును.

మనుష్యుడు కాలమును కొంతవఱకు లోబఱచుకొన్న పండ్లును లేకపోలేదు. ద్రాక్షతోటవారు ఏప్రిలులో నొకసారి, అక్టోబరులో నొకసారి తీగెలను కత్తిరింతురు. రెండవ కత్తిరింపు ఫలమే ఫిబ్రవరి, మార్చిలలో వచ్చు గుత్తులు. హైదరాబాదు చుట్టుపట్ల ఒకప్పుడు పేరొందిన అనాబ్-ఎ-షాహి ద్రాక్ష ఈ పద్ధతిమీదనే పండినది. నల్లగొండవైపు బత్తాయిరైతులు కొన్నివారములు చెట్టునకు నీరుమాన్పి, తరువాత ఒక్కమాఱు తడిపి పూతకు రప్పింతురు.

కూరగాయలలో టమాటాసంగతి ప్రతియింటికిని తెలిసినదే, కారణము మాత్రము కొందఱికే తెలియును. పగటియెండ 35 డిగ్రీలు దాటి, రాత్రులును వేడిగా నున్నప్పుడు టమాటాపూవు పిందెకట్టక రాలిపోవును. కావున వేసవిలో మనచుట్టుపట్ల పంట సన్నగిల్లి, ఎత్తుననుండి కొంత చల్లగానుండు మదనపల్లెమీద ఆధారపడుదుము. అక్కడ తెగులో వానయో తగిలినచో 2023 జూలైలోవలె కిలో 150 రూపాయలు దాటును. చలికాలమున అదే టమాటాను కోతకూలి రాక రైతు చేనిలోనే వదలివేయును. చిక్కుడు పగలు కుఱుచయైనగాని పూయదు. అందుచే అది సంక్రాంతికూర. బోడకాకర వేసవియంతయు దుంపగా నేలలో దాగి, తొలివానకు మొలచును. వేసవికి చింతచిగురు, ముంజలు, వానలకు నేరేడు, మొక్కజొన్నపొత్తులు, పుష్యమునకు రేగుపండ్లు. 1999లో ప్రారంభింపబడిన రైతుబజారులలో నొకటి ఎఱ్ఱగడ్డలో మనకు సమీపముననే యున్నది. అక్కడి ధరలబల్లను వారమున కొకసారి వ్రాసికొనుటకు ఎనిమిదవ తరగతివారికి పని యిచ్చితిమి. ఆ పట్టీని గోడకు వ్రేలాడదీసి, పైనొకగీతగా ధరను, క్రిందనొకగీతగా వానను గుర్తించుచున్నారు. నాయకుడుగా గంపవాని కుమారుని వారే యెన్నుకొనిరి.

కార్తికము ముగిసిన మఱునాడు వాని తల్లి వనము ప్రక్కదారిలో మాకు కనబడినది. సీతాఫలములు అయిపోయినవని చెప్పి, గంపమీది గుడ్డతీసి జామపండ్లను చూపినది.