పశువు గోడ నాకుచున్నదా? ఖనిజ లవణపు ఇటుకను ఇంటనే చేసికొనుడు

ఆర్మూరు ప్రాంతపు రైతు పసుపు సాగులో ఎవరికిని తీసిపోడు. ఆకు కొంచెము పాలిపోయినచో ఇనుపధాతువు లోపమా, జింకు లోపమా అని విచారించి మందు చల్లును. కాని ఆ పసుపు మడికి ఎరువునిచ్చు గేదె కొట్టపు గోడను నాకుచు, పాత చెప్పును నమలుచున్నచో, "దాని అలవాటే అంత" అని ఊరకుండును. అది అలవాటు కాదు, లోపమే.

మనము వేయు వరిగడ్డి, మొక్కజొన్న చొప్పలలో భాస్వరము తక్కువ. వరిగడ్డిలోని ఆక్సలేటులు కాల్షియమును పట్టి ఉంచి, పశువుకు అందనీయవు. ఉప్పు సంగతి చెప్పనక్కరలేదు. అడవిలో జింకలు ఉప్పుమట్టి గల చోట్లు వెదకికొని పోయి నాకుట ఇందులకే. గుంజకు కట్టిన గేదె ఎక్కడికి పోగలదు? భాస్వరము చాలని గేదె సకాలమున ఎదకు రాదు. ఈనిన కొద్ది వారములలో కాఫీ రంగు మూత్రము పోసి, చూచుచుండగనే పడిపోవచ్చును. అట్టి మూత్రము కనబడిన నాడే పశువైద్యుని పిలువవలెను. అప్పుడు ఇటుక పనికిరాదు. ఎముకలు కొరుకు పశువునకు విషవ్యాధి సోకు భయము కూడ కలదు.

10 కిలోల ఇటుకలకు మెత్తగా దంచిన ఉప్పు 4 కిలోలు, పాడిపశువుల ఖనిజ లవణ మిశ్రమము 3 కిలోలు, సిమెంటు కిలోన్నర, తవుడు కిలోన్నర తీసికొనుడు. సిమెంటును చేతితో ముట్టక, కొద్ది నీటితో జారుగా కలిపి, తక్కినవి చేర్చుడు. పిడికిట పట్టిన ముద్ద నిలిచినచో నీరు చాలును. పాత డబ్బాలో గట్టిగా కూరి, త్రాటికై నడుమ పుల్ల గ్రుచ్చి, మరునాడు తీసి, నీడన రెండు వారములు ఆరనిండు. రుచికని బెల్లము వేయవలదు. తీపి తగిలిన సిమెంటు సరిగా బిగియదు.

ఖనిజ మిశ్రమము ఖరీదని దానికి మారుగా చేనికి వేయు సూపరు ఫాస్ఫేటును కలుపవలదు. అందులో ఫ్లోరిను ఉండును. ఫ్లోరైడు నీటివలన నల్లగొండ ప్రాంతపు జనులు పడిన పాట్లు మనకు తెలియనివి కావు; పశువు పండ్లు, ఎముకలు కూడ అట్లే చెడును. యూరియా కూడ వలదు. తూకము తప్పినచో ప్రాణము తీయును.

ఇటుకను మూతి అందు ఎత్తున, వాన తగులనిచోట వ్రేలాడగట్టుడు. ప్రక్కన నీటి తొట్టి తప్పక నుండవలెను. నాకు ఇటుక వ్రేలాడుచున్నదని పాడిగేదెకు దాణాలో రోజూ వేయు 50 గ్రాముల మిశ్రమమును మానవలదు. ఒక్కొక్క పశువు ఎంత నాకునో ఎవరును కొలువలేరు.

గొఱ్ఱెలున్న వారికి ఒక్కమాట. పశువుల మిశ్రమములోని రాగి గొఱ్ఱెకు విషమగును. వానికి ప్రత్యేక మిశ్రమమునే కొని, వేరుగా ఇటుకలు పోయుడు. పంచాయతీ కార్యదర్శులు రైతు వేదికలో ఒకమారు ఈ పనిని చేయించి చూపినచో, ఈ రెండు ఇటుకలకును వేర్వేరు గుర్తులు పెట్టించవలెను.