కావలికుక్కను ఇంట పెంచు విధము

నెల్లూరు జిల్లాకు పడమట, వెలిగొండల చేరువనున్న దుత్తలూరు, ఉదయగిరి, సీతారామపురము ప్రాంతములు మెట్ట సీమ. ఇక్కడి వానలు నమ్మరానివి. పైరు పోయిన యేట రైతు కుటుంబమును ఆదుకొనునది గొఱ్ఱెల మందయే. తెల్లని పల్ల, కన్నుల చుట్టును నల్లమచ్చలు గల జోడిపి, ఎఱ్ఱగోధుమ వన్నె గల దొర అను మూడు తెగల నెల్లూరు గొఱ్ఱెలు మన దేశపు గొఱ్ఱెలలో మిక్కిలి పొడవైనవిగా పేరొందినవి. ఇట్టి మందను రాత్రివేళ కాచునవి రెండు: ముండ్లకంచె, కుక్క.

కంచె వేసిన నాటి రాత్రి నుండియే పనిచేయును. కుక్క అట్లు కాదు. పిల్లనాటి నుండి తెలిసి పెంచిననే అది అక్కరకు వచ్చును. తెలియక పెంచిన కుక్క దొంగను విడిచి పొరుగింటి బిడ్డను కరచును. రోగము గల కుక్క తాను కాచు మందకే చేటు తెచ్చును. కావున కుక్కను పెంచువారు ఈ క్రింది విషయములను గమనింపవలెను.

కావలి గుణము ఎట్టిది?

కాచు గుణము కుక్కకు పుట్టుకతో వచ్చినది. తాను తిను చోటును, తనతో మెలగు వారిని తనవిగా ఎంచి, క్రొత్త అలికిడి కాగానే మొఱుగుట, ముందునకు వచ్చి అడ్డు నిలుచుట దాని స్వభావము. అయితే ఎవరు తనవారు, ఎవరు పరాయివారు అను తెలివి పుట్టుకతో రాదు. అది మనము కల్పింపవలసినది. కావలికుక్క పెంపకములోని కిటుకంతయు ఇదియే.

మంచి కావలికుక్క మొఱిగి యజమానిని లేపును. మందకును, వచ్చినవానికిని నడుమ నిలుచును. వచ్చినవాడు తొలగగానే తన చోటికి తిరిగి వచ్చును. కరచుట దాని కడపటి ఆయుధము. దూరముగా తరుముకొని పోవు కుక్క మందను విడిచిపోయినట్లే గదా! వేటగుణము వేఱు, కావలిగుణము వేఱు. కుందేళ్ళ వెంట పరుగిడు కుక్కను చూచి మురియకుడు. కుక్కలతో అడవి జంతువులను వేటాడుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము కూడ.

పిల్లను ఎన్నుకొనుట

అధిక ధర పెట్టి సీమజాతి కుక్కలను తేనక్కఱలేదు. దట్టమైన బొచ్చు గల ఆ కుక్కలు మన యెండలకు తాళజాలవు. ముధోల్ కుక్క పేరొందినదే గాని అది వేటజాతి. మన నాటుకుక్క ఎండకు ఓర్చును, కొద్ది తిండితో బ్రతుకును, చిన్న చప్పుడుకే మేలుకొనును. మందకును, ఇంటికిని ఇది చాలును.

పిల్లను చూచుటకు ముందు తల్లిని చూడుడు. ఇంటిపిల్లలతో నెమ్మదిగా మెలగుచు, క్రొత్తవారిని చూచి మొఱుగు తల్లి కడుపున పుట్టిన పిల్ల మేలు. పిల్లలలో మూలకు పోయి దాగుకొనుదానిని, అన్నింటిమీద పడి కరచుదానిని విడిచి, చప్పట్లు కొట్టిన మొదట జంకి, పిదప దగ్గరకు వచ్చి వాసన చూచుదానిని ఎన్నుకొనుడు. పిరికి కుక్కయే భయముతో ఎక్కువగా కరచునని గుర్తుంచుకొనుడు. ఏడెనిమిది వారములు నిండక మునుపు పిల్లను తల్లి నుండి వేరుచేయరాదు. ఎంత గట్టిగా కరచిన ఎదుటివానికి నొప్పి కలుగునో ఆ పిల్ల తల్లివద్దను, తోడిపిల్లల వద్దను ఆటలోనే నేర్చుకొనును.

మూడు వారముల నుండి మూడు నెలల వరకు

కుక్క జీవితములో ముఖ్యమైన కాలమిది. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరములు కుక్కపిల్లలను పరిశీలించి 1965లో ఒక గ్రంథము ప్రకటించిరి. సుమారు మూడవ వారము నుండి పండ్రెండవ వారము వరకు పిల్ల ఎవరితో మెలగునో వారినే తనవారుగా తలచునని వారు తేల్చిరి. ఈ కాలము దాటిన పిమ్మట నేర్పుట మిక్కిలి కష్టము.

ఆఫ్రికాలోని నమీబియా దేశమున 1994 నుండి చిరుతల రక్షణ సంస్థ యొకటి కాపరులకు కావలిజాతి కుక్కపిల్లలను ఇచ్చుచున్నది. వానిని పసితనమందే మేకల దొడ్డిలో విడిచి పెంతురు. పెరిగిన పిదప ఆ కుక్క మేకలను విడువదు. అక్కడ కుదిరిన ఉపాయము దుత్తలూరి దొడ్డిలోనూ కుదురును.

కావున తెచ్చిన పిల్లను దొడ్డిలోనే ఒక మూల తడికె కట్టి, గొఱ్ఱెల వాసన తగులునట్లు పరుండబెట్టుడు. దినమునకు కొంతసేపు నెమ్మదియైన ముసలి గొఱ్ఱెల నడుమ విడువుడు. ఇంటిల్లిపాదియు, ముఖ్యముగా పిల్లలు, దానికి తమ చేతితో తిండి పెట్టవలెను. తపాలా మనిషి, పాలు పోయించుకొనువారు, కూలీలు వచ్చినపుడు పిల్లను ప్రక్కన నిలిపి, వారు మేలువారని తెలియనిండు. సైకిలు, మోటారు, గొడుగు మొదలగువానిని కూడ ఈ కాలమందే చూపవలెను. పగటివేళ పిలిచి వచ్చినవానికిని, రాత్రివేళ కంచె దాటినవానికిని గల భేదమును కుక్క తానే గ్రహించును.

నాలుగవ నెల నుండి ఏడాది వరకు పిల్ల కోడెతనముతో గొఱ్ఱెపిల్లలను తరుముట, చెవులు పట్టి లాగుట కలదు. కనిపించిన వెంటనే గట్టిగా 'వద్దు' అని అదలించి, కొంతసేపు మందకు దూరముగా కట్టివేయుడు. జరిగిపోయిన తప్పునకు తర్వాత కొట్టిన, ఎందుకు కొట్టిరో దానికి తెలియదు. నమ్మకమైన కావలి ఏడాదిన్నర, రెండేండ్లకు గాని రాదు. అంతవరకు ఓర్పు కావలెను.

గొలుసు, కారము, దెబ్బలు

పగలంతయు గొలుసున కట్టి, కారము కలిపిన తిండియు, పచ్చి నెత్తురును పెట్టి, కఱ్ఱతో రెచ్చగొట్టిన కుక్క రౌద్రముగా నుండునని కొందఱి నమ్మకము. ఇది పొరపాటు. కారము కడుపును మండించును గాని ధైర్యము నీయదు. ఎల్లవేళల కట్టిన కుక్కకు తనవారెవరో, పరులెవరో తెలియదు. గొలుసు తెగిన నాడు ఎదుట నున్నవారిని కరచును. ఎదుట నుండువారు తఱచుగా పసిపిల్లలే. అదియునుగాక, పొట్టి గొలుసున చిరకాలము కట్టియుంచుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము శిక్షార్హము.

తిండి

మూడు నెలల వరకు దినమునకు నాలుగు మారులు, ఆరు నెలల వరకు మూడు మారులు, ఆపైన రెండు మారులు పెట్టవలెను. సంగటి, అన్నము, మజ్జిగ ఇంట నుండునవే. అయితే గంజి, సంగటి మాత్రమే చాలవు. ఉడికించిన గ్రుడ్డు, చేప, మాంసపు తునకలు ఏదో ఒకటి కలుపవలెను. చేపముండ్లును, ఉడికిన కోడి ఎముకలును పెట్టరాదు. అవి చీలి పేగులకు గ్రుచ్చుకొనును. ఎల్లప్పుడును నీడన మంచినీరుండవలెను. ఆకలిగొన్న కుక్క దొంగ వేసిన ముద్దకు లొంగును.

తిరుగుడు రోగము

కొన్ని గొఱ్ఱెలు తల ఒక ప్రక్కకు వంచి గుండ్రముగా తిరుగుచు, చూపు తగ్గి, మేత మాని చచ్చుట మీరు చూచియుందురు. ఇది దయ్యము పని కాదు. ఇట్టి గొఱ్ఱె మెదడులో నీటితిత్తి యుండును. చచ్చిన గొఱ్ఱె తలను కుక్కకు పచ్చిగా వేసిన, ఆ తిత్తిలోని పురుగులు కుక్క పేగులలో బద్దెపురుగులుగా ఎదుగును. వాని గ్రుడ్లు మలముతో బీటిలో పడి, మేతతోపాటు గొఱ్ఱె కడుపున చేరి, పిల్ల పురుగులై మెదడునకు ప్రాకును. ఇట్లు కాపలా కుక్కయే మందకు యముడగును.

దీనికి రెండే ఉపాయములు. గొఱ్ఱె తల, ఊపిరితిత్తులు, కాలేయము కుక్కకు పచ్చిగా వేయక కాల్చివేయుడు, లేదా లోతుగా పూడ్చుడు. మూడు నెలలకొకసారి పశువైద్యుని అడిగి, కుక్క బరువును బట్టి ప్రాజిక్వాంటెల్ మాత్రలు మ్రింగింపుడు. కుక్క పేగులలోని మఱియొక రకపు బద్దెపురుగు మనుష్యులకును ఊపిరితిత్తులలో, కాలేయములో తిత్తులు కలిగించును. కావున కుక్కను ముట్టిన పిల్లలు చేతులు కడుగుకొనక అన్నము తినరాదు.

పిచ్చికుక్క వ్యాధి

ఈ వ్యాధి లక్షణములు మనిషికి బయటపడిన పిదప బ్రతుకుట దాదాపు అసాధ్యము. బయటపడక మునుపు మాత్రము పూర్తిగా నివారింపవచ్చును. కుక్కకు మూడవ నెలలో టీకా వేయించి, పశువైద్యుడు చెప్పిన గడువున మఱల వేయించి, పిదప ఏటేట వేయింపవలెను.

కుక్క కరచిన వెంటనే గాయమును ధారగా పడు నీటితో, సబ్బుతో 15 నిమిషములు కడుగుడు. సున్నము, కారము, పసరు పూయరాదు. కట్టు కట్టరాదు. వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి టీకా మొదలిడి, వైద్యుడు చెప్పిన తేదీలలో ఒక్కటియు తప్పక పూర్తిచేయుడు. గాయము లోతైన, టీకాతోపాటు గాయములోనే వేయు మందు కూడ కావలెను. బొడ్డు చుట్టు 14 సూదులు పొడుతురను భయముతో ఆలస్యము చేయకుడు. ఆ పాత మందు తయారీ మన దేశమున 2004తోనే నిలిచిపోయినది. ఇప్పటి సూదులు భుజమునకు వేయునవే.

గ్రామాధికారులకు మనవి

చచ్చిన పశువులను బాటప్రక్కన పారవేసిన చోట ఊరకుక్కలు గుంపుగూడి, మాంసపు రుచి మరగి, మందలపై పడును. కళేబరములను సున్నము చల్లి లోతుగా పూడ్పించుట పంచాయతీ పూనుకొనవలసిన పని. కుక్కలకు విషము పెట్టుట చట్టవిరుద్ధము. ఆ విషము కావలికుక్కను కూడ చంపును. ఊరకుక్కలకు సంతాననిరోధక శస్త్రచికిత్స, టీకాలు చేయించుట 2023 నాటి నియమముల ప్రకారము స్థానిక సంస్థల బాధ్యత. ఏటా ఒక దినము పశువైద్యుని పిలిపించి, ఊరిలోని కుక్కలన్నింటికి ఒకేసారి టీకాలు వేయించిన ఊరంతటికి మేలు కలుగును.

రైతు సోదరులారా! కాచు గుణమును కుక్క తన పుట్టుకతో తెచ్చుకొన్నది. దానికి తనవారిని చూపించుట, కడుపునిండ తిండి పెట్టుట, రోగము రాకుండ చూచుట మన వంతు. ఈ మూడును చేసినచో మీ దొడ్డికి కావలియు, మీ బిడ్డలకు తోడును ఇంటనే దొరకును.